తలకిందుల స్కాన్ తీసే మా సలీం భాయ్

నిన్న పొద్దున డ్యూటీకి తయారవుతుంటే, మా అమ్మ నా ఫోన్ పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది.

సలీం భాయ్ ఇక లేరు. హార్ట్ ఎటాక్.

నమ్మలేదు. మొన్న సాయంత్రమే మెషిన్ లెన్స్ తుడిచి, కవర్ కప్పి, రేపు కలుద్దామని వెళ్లిన మనిషి!

తెలియనివాళ్ల కోసం. మద్దిలపాలెంలో మా కంటి క్లినిక్‌లో, కంటి లోపలి పొరల్ని వెలుతురుతో ఫొటో తీసే స్కాన్ మెషిన్ ఉంది. పదేళ్లు దాని ముందు కూర్చున్నది ఆయనే. నాకు పని నేర్పిందీ ఆయనే.

మామూలు స్కాన్‌లో రెటీనా బాగా కనిపిస్తుంది. దాని వెనక రక్తనాళాల పొర మాత్రం మసకే. భాయ్ మెషిన్‌ని కంటికి ఇంకాస్త దగ్గరికి జరిపేవారు. బొమ్మ తలకిందులైపోయేది, కానీ ఆ వెనక పొర తేటగా వచ్చేది. ఆయన కనిపెట్టింది కాదు, ఎక్కడో చదివారట. మా దగ్గర అంత ఓపిగ్గా తీసింది మాత్రం ఆయనొక్కరే.

నేను కొత్తగా చేరినప్పుడు అమ్మకి కుడికన్ను మసకబారింది. మా ఊరు పద్మనాభం నుంచి తీసుకొచ్చాను. మామూలు స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదు. భాయ్ తన పద్ధతిలో ఇంకోటి తీసి, టీకి వెళ్లారు.

చూస్తే బొమ్మ తిరగబడి ఉంది. పాడైందనుకుని డిలీట్ కొట్టేశాను. పైగా నీట్‌గా పని చేశానని గర్వం ఒకటి. అమ్మని బస్సుకి పంపేశాను.

భాయ్ టీ తాగి వచ్చి, ఆ స్కాన్ లేకపోవడం చూశారు. తిట్టినా బాగుండేది. స్కూటర్ తీసి బస్ స్టాప్‌కి వెళ్లారు. స్కాన్ కోసం కంట్లో వేసిన చుక్కల మందుకి ఎండ చూడలేక కొంగు అడ్డం పెట్టుకున్న మా అమ్మని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చారు.

మళ్లీ తీశారు. రెటీనా వెనక వాపు. డాక్టర్ ఆ వారమే ట్రీట్‌మెంట్ మొదలుపెట్టారు. ఆలస్యమైతే కన్ను దక్కేది కాదన్నారు.

ఆ సాయంత్రం భాయ్ నాతో అన్నది ఇంతే.

"బొమ్మ తిరగబడితే తిరగబడనీ బావ. లోపల ఏటుందో సూడు."

నిన్న ఆయన్ని సాగనంపి వచ్చాం. ఈ రోజు ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. ఏడుపొచ్చింది, కళ్లు తుడుచుకుని మెషిన్ కవర్ తీశాను. మొదటి పేషెంట్‌కే తలకిందుల స్కాన్ తీశాను భాయ్, తేటగా వచ్చింది.

ఇంకో మాట. నిన్న క్లినిక్ వాట్సాప్ గ్రూప్‌లో మీరిక లేరన్న కబురు ముందు చదివింది నేను కాదు, మా అమ్మ. ఎడమకంటికి ఇప్పుడు శుక్లం. మీరు స్కూటర్ మీద వెనక్కి తెచ్చిన ఆ కుడికంటితోనే చదివింది.

వెళ్లిరండి భాయ్. ఎక్కడున్నా మీ మనసు చల్లగా ఉండాలి.