సగంలో ఆగిన కథను పూర్తిచేసిన దేవుడు

క్రీస్తునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా గొంతులో గడ్డ ఉందనీ, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే గాని అది ఎలాంటిదో చెప్పలేమనీ విశాఖపట్నంలో డాక్టరుగారు అన్న రోజున నా కాళ్ల కింద భూమి కదిలిపోయింది. నేను ఇనుప గనుల ఊరైన కిరండూల్‌లో రోడ్డు పక్కన పట్టా పరుచుకొని, నేను రాసిన కథల పుస్తకాలు నేనే అమ్ముకొని బ్రతికేవాణ్ణి. గొంతు పోతే నా నోటి దగ్గర కూడు పోయినట్టే!

ఎందుకంటారా? మా ఊళ్లో గనుల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, పెద్దలైనా పిల్లలైనా బడిలో చదివేది హిందీయే, తెలుగు కథ వింటే వాళ్లకు ప్రాణం లేచివస్తుంది గాని ఒక్క ముక్క చదవలేరు. అందుకని సంత రోజున నేనే గట్టిగా చదివేవాణ్ణి, చదివి చదివి, పులి గుమ్మం దగ్గరికి వచ్చిందనగానే టక్కున ఆపేవాణ్ణి! మిగతాది తెలుసుకోవాలని జనం పుస్తకం కొనేవాళ్లు, కొని చదవలేక, మళ్లీ సంతకు అదే పుస్తకం పట్టుకొచ్చి నాచేతనే చదివించుకునేవాళ్లు, ఆ చదువు వినడానికి కొత్తవాళ్లు మూగేవాళ్లు. నవ్వకండి, ఇల్లు అలాగే గడిచింది.

అలాంటి గొంతు బొంగురుపోయింది. ఎర్రమట్టి ధూళి అనుకొని మిరియాల కషాయం తాగాను, ఉప్పునీళ్లు పుక్కిలించాను, తగ్గలేదు. అద్దం ముందు నోరు తెరిచి టార్చిలైటు వేసుకొని చూసుకోవడం, ఏమీ కనబడక ఇంకా భయపడడం, ఇదే నా పని అయిపోయింది. నేను పుట్టుకతోనే కంగారు మనిషిని, పక్కింట్లో దగ్గితే నా గొంతు తడుముకునేవాణ్ణి. చివరికి నా భార్య సుగుణ చెయ్యి పట్టుకొని విశాఖపట్నం రైలెక్కించింది.

ముక్క తీశాక, పుండు మానేదాకా పెదవి కదపవద్దన్నారు డాక్టరుగారు. ఇంటికి తిరిగొచ్చాం. నోరు మూసుకుంటే భయం మూసుకుంటుందా! "ప్రభువా, ఈ గొంతు తీసుకుంటే నేను దేనితో బ్రతకను, దేనితో నిన్ను స్తుతించను? జవాబు త్వరగా చెప్పు తండ్రీ, ఈ ఎదురుచూపు నావల్ల కాదు" అని లోలోపలే ఏడ్చాను. జవాబు రాలేదు.

రిపోర్టు తేవడానికి సుగుణ మళ్లీ విశాఖపట్నం వెళ్లింది. ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేక నేను సంతలో పట్టా పరిచి, ఫోను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. జనం పుస్తకాలు తెచ్చి, "ఏంది అయ్యా, చదవవా? మౌనవ్రతమా?" అంటే, ఇంకొకాయన, "వాళ్లు ఏసయ్యోళ్లు గదా, ఉపవాసం పట్టిండేమో" అన్నాడు. నేను గొంతు చూపించి తల అడ్డంగా ఊపాను.

నా పక్కనే చింతపండు అమ్మే సోమక్క ఉంది, కిష్టారం వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది, మన మందిరం గడప తొక్కిన మనిషి కాదు, చదువూ రాదు. ఏళ్ల తరబడి నా చదువు విని విని ఉందేమో, "జరుగు అయ్యా, నేను చెప్త" అని చేతిలో చింతపండు కింద పెట్టి కథ అందుకుంది! పులి గుమ్మం దగ్గరికి వచ్చింది, నేను ఆపే చోటు వచ్చింది, ఆమె ఆపలేదు! ఆపమని చేతులు ఊపాను, నా చెయ్యి తోసేసి చివరిదాకా చెప్పేసింది. ముగింపు తెలిసిపోయాక ఎవడు కొంటాడని పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను. కాని కొన్నారు, సహోదరులారా! ఒక ముసలాయన, "ఇది మా పోరలకు నేను చెప్త, పుస్తకం ఇంట్ల ఉంటే నిజమని నమ్ముతరు" అంటూ తీసుకున్నాడు.

అంతలో ఫోను మోగింది. సుగుణ! నేను మాట్లాడలేను గదా, సోమక్క ఫోను లాక్కొని చెవిన పెట్టుకుంది. "హాఁ... హాఁ చెల్లే... అచ్ఛా..." అంటోంది గాని ఆ ముఖంలో నాకు ఏమీ తెలియడం లేదు. ఫోను దించి, నా వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకొని ఆగిపోయింది. అంత పెద్ద కథ ఆపకుండా చెప్పిన మనిషి అక్కడ ఆగింది! పులి నా గుమ్మంలోనే నిలబడింది. కథ సగంలో ఆపితే వినేవాడి ప్రాణం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు. "తండ్రీ, అది ఏదైనా సరే, నువ్వు నాతో ఉండు" అని నా జీవితంలో మొదటిసారి ఫలితం అడగకుండా ప్రార్థించాను.

"క్యాన్సర్ కాదంట అయ్యా! మామూలు గడ్డేనంట, మందులకు పోతదంట!" అంటూ సోమక్క బోరుమంది. నేనూ ఏడ్చాను, శబ్దం లేకుండా. దేవునికే మహిమ!

గొంతు వచ్చింది, బొంగురు మాత్రం పోలేదు, దానికీ స్తోత్రమే. ఇప్పుడు సంతలో ఏ కథనూ సగంలో ఆపను, అలసిపోతే మిగతాది సోమక్క చెబుతుంది. ఇది చదివేవారిలో ఎవరైనా డాక్టరు మాట కోసమో, ఇంటి మనిషి ఫోను కోసమో గుండె చిక్కబట్టుకొని కూర్చుని ఉంటే, ఆ జవాబు రాకముందే, ఇప్పుడే, యేసయ్య చెయ్యి పట్టుకోండి. కిరండూల్ వస్తే నా పట్టా మీద వచ్చి కూర్చోండి, మీ ఫోను మోగేదాకా నేనూ మీ పక్కనే కూర్చుని ఈ బొంగురు గొంతుతోనే ప్రార్థిస్తాను.