మంగళవారం పులిహోర

క్షమించడం ఆరోగ్యానికి మంచిదని మా గ్రూపులో ప్రతి వారం ఎవరో ఒకరు చెప్పేవారు. నేను తలాడించి ఊరుకునేదాన్ని. నేను మాత్రలు మానింది క్షమించి కాదు, కక్షతో. ఆ మాట అక్కడ పూర్తిగా చెప్పుకోలేకపోయాను కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

లండన్‌లో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది నేను ఆ పక్కనే ఉన్న స్లౌ ఊళ్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. పెళ్లి కాలేదు. వీసా కంపెనీ ఇప్పించిందే, అంటే ఉద్యోగం పోతే రెండు నెలల్లో పెట్టే సర్దుకోవాలి. నడుం నొప్పికని మందుల షాపులో కొనుక్కున్న కోడీన్ మాత్రలు, నొప్పి తగ్గాక కూడా నన్ను వదల్లేదు. ఒక షాపులో ఒక్క పెట్టెకి మించి ఇవ్వరు. అందుకని ఒక షాపు తర్వాత ఇంకో షాపు, ఒక్కో చోట ఒక్కో కథ. హై స్ట్రీట్‌లో నన్ను చూడగానే మొహం చిట్లించే ఫార్మసిస్టులు ముగ్గురు తయారయ్యాక, సిగ్గు వదిలేసి మా పేట డాక్టరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆవిడ నన్నొక క్లినిక్‌కి పంపింది. మోతాదు మెల్లగా తగ్గిస్తూ ఆరు నెలలు వైద్యం. ప్రతి మంగళవారం పొద్దున రెండు గంటలు గ్రూపులో కూర్చోవాలి. వేరే రోజు కుదరదన్నారు.

మరి ఆఫీసులో ఏం చెప్పాలి? మా టీమ్‌లో పదకొండు మందిమి, అందులో తొమ్మిది మందిమి తెలుగువాళ్లమే. క్యాలెండర్‌లో మెడికల్ అని పెడితే మధ్యాహ్నం లోపు ఎనిమిది మందీ వచ్చి ఏమైందని అడుగుతారు, మర్నాటికి సంగతి గుంటూరులో మా ఇంటికి చేరుతుంది. అందుకే గుడి అన్నాను. ఆంజనేయస్వామి మొక్కుంది, మంగళవారాలు పదకొండింటికి వస్తానని మా ఇంగ్లీషు మేనేజర్‌కి చెప్పాను. మతం మాట వినగానే ఆయనకు కంగారు. ఇంకో ప్రశ్న వేస్తే ఎక్కడ తప్పవుతుందోనని వెంటనే సరే అనేశాడు.

మనవాళ్లు అలా వదులుతారా? మొదటి మంగళవారమే ప్రసాదమేదని చేతులు చాపారు. ఇక ఆ తర్వాత ప్రతి మంగళవారం తెల్లవారుజామునే లేచి, ఒళ్లంతా చెమటలు పడుతుంటే, కారే ముక్కు తుడుచుకుంటూ, చింతపండు పులుసు ఉడికించి పులిహోర కలిపేదాన్ని. ఆ డబ్బా బ్యాగులో పెట్టుకునే క్లినిక్‌కి వెళ్లేదాన్ని. గ్రూపులో వాళ్లంతా ఇంగువ వాసన పీల్చుకుంటూ తమ కష్టాలు చెప్పుకునేవారు. పాపం, ఒక్కరూ ఏమీ అనలేదు.

టీమ్‌లో నాకన్నా మూడేళ్లు సీనియర్ ఒకావిడ ఉండేది. అందరం అక్క అనేవాళ్లం. రోజూ సాయంత్రం నన్ను తన కార్లో మా ఫ్లాట్ దగ్గర దింపేది. పండగ వస్తే పిలిచి అన్నం పెట్టేది. నేను ఆమెను నిజంగానే అక్క అనుకున్నాను.

మూడో నెలలో గుంటూరులో మా పెదనాన్న పోయాడు. ఆదివారం అక్క వచ్చి పరామర్శించి, చారన్నం తినిపించి వెళ్లింది. మంగళవారం నేను మామూలుగా పులిహోర డబ్బా తెచ్చి ఆఫీసు కిచెన్‌లో బల్ల మీద పెట్టాను. ఆ రోజుల్లో నా బుర్ర సగమే పనిచేసేది. అక్క చెంచా నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది.

"ఏమ్మాయ్, మీ పెదనాన్నగారు పోయి వారం కూడా కాలేదుగా. మైలలో గుడికెట్టా వెళ్లావ్?"

ఆ ఇంగ్లీషు మేనేజర్ పదేళ్లు పరిశోధించినా పట్టుకోలేని తప్పు అది. మర్చిపోయానక్కా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే నాకు తెలుసు, మైల మర్చిపోయి గుడికి వెళ్లే ఆడపిల్ల మా వైపు ఇంకా పుట్టలేదని.

సాయంత్రం మా ఫ్లాట్ ముందు కారు ఆపి నా చెయ్యి పట్టుకుంది. "నాకు చెప్పు తల్లీ. ఇక్కడ నీకు నేను కాక ఎవరున్నారు?" అంది. అంతే, కట్ట తెగినట్టు ఏడ్చాను. మాత్రలు, షాపులు, క్లినిక్, అన్నీ చెప్పేశాను. నా తల మీద చెయ్యి పెట్టి, "నా ప్రాణం పోయినా ఇది బయటికి రాదు" అంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాను.

గురువారం మేనేజర్ పిలిచాడు. పక్కన హెచ్ఆర్ ఆవిడ. నేను మత్తుకి అలవాటుపడ్డానని, గుడి పేరు చెప్పి పని ఎగ్గొడుతున్నానని, కస్టమర్లు వాడుతున్న సిస్టమ్ నా చేతిలో ఉండడం ప్రమాదమని ఎవరో ఆందోళన పడుతున్నారట. ఆ ఎవరో ఎవరన్నది వాళ్లు చెప్పనక్కర్లేదు. నేను చెప్పుకుంది ఒక్క మనిషికే. ఆ నెలలోనే టీమ్ లీడ్ పోస్టుకి మా ఇద్దరి పేర్లూ పరిశీలిస్తున్నారన్న సంగతి నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే గుర్తొచ్చింది.

క్లినిక్ వాళ్లిచ్చిన ఉత్తరం బ్యాగులోనే ఉంది. తీసి బల్ల మీద పెట్టాను. హెచ్ఆర్ ఆవిడ రెండుసార్లు చదివింది.

"వైద్యమని చెబితే ఈ గంటలు మొదటి రోజే ఇచ్చేవాళ్లం కదా. గుడి అని ఎందుకు చెప్పావు?" అని అడిగింది. నిజంగా అర్థం కాకే అడిగింది. ఆమెకు అర్థమయ్యేలా చెప్పే ఇంగ్లీషు నా దగ్గర లేదు.

ఉద్యోగం పోలేదు. వైద్యానికి కాదు, అబద్ధానికి రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఆరు నెలలు ముఖ్యమైన పనుల నుంచి పక్కన పెట్టారు. లీడ్ పోస్టు అక్కకి వచ్చింది. స్వీట్లు పంచుతూ నా దగ్గరికి కూడా వచ్చి, "నీ మంచికే చేశానమ్మా" అంది. మైసూర్‌పాక్ తీసుకుని నోట్లో వేసుకున్నాను. దాన్ని మింగడానికి పట్టినంత సేపు నా జీవితంలో ఏ మాత్ర మింగడానికీ పట్టలేదు.

నువ్వెందుకు మానాలనుకుంటున్నావని క్లినిక్‌లో అడిగారు. నాకన్నా ముందు చెప్పిన ఇద్దరూ తమ పిల్లల కోసమన్నారు. నేను, ఒకావిడ మొహం మాడిపోతే చూడడం కోసమన్నాను. అక్కడి కౌన్సెలర్ అదే రాసుకుంది. మందుల షాపు ముందు కాళ్లు ఆగినప్పుడల్లా నాకు అక్క కనిపించేది, "చూశారా, నేను ముందే చెప్పలా?" అంటూ. ఆ మాట అనే సుఖం ఆమెకు దక్కనివ్వకూడదని కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయేదాన్ని. క్యాలెండర్‌లో ఇప్పుడు క్లినిక్ అనే ఉండేది, పులిహోర మాత్రం ఆపలేదు. అందరికీ పెట్టి, చివరికి అక్క ముందు డబ్బా పట్టుకుని నిలబడేదాన్ని. నలుగురి ముందు వద్దనలేక తినేది. ఆరో నెలకి నాకు మాత్రలు పూర్తిగా ఆగిపోయాయి.

తర్వాత ఐదేళ్లు నేను పని చేసిన తీరు చూసి అందరూ బుద్ధిమంతురాలన్నారు. బుద్ధీ కాదు, పాడూ కాదు, పగ. మేనేజర్ వెళ్లిపోయాక ఆ కుర్చీ నాకిచ్చారు. అక్క నా కిందికి వచ్చింది.

ఒక సోమవారం అక్క నా గదికి వచ్చి తలుపు వేసింది. బాగా చిక్కిపోయింది. "మంగళవారాలు పొద్దున కొంచెం లేటుగా వస్తా. గుడికి" అంది. కార్పెట్ వైపు చూస్తూ అంది. ఆ మాట అలా కిందికి చూస్తూ ఎందుకంటారో ఆ ఆఫీసులో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నిజం చెబితే ఆ గంటలు ఎవరికైనా ఇస్తారక్కా అన్న ఒక్క మాట నేను చెబితే సరిపోయేది. చెప్పలేదు.

"అలాగే అక్కా. ప్రసాదం మర్చిపోకండి" అన్నాను.

మర్నాడు పదకొండింటికి డబ్బా తెచ్చింది. పులిహోరే. అందరం పేపర్ ప్లేట్లలో పెట్టుకున్నాం. రెండో ముద్దకి నా పంటి కింద వెల్లుల్లి రెబ్బ పడింది. గుడి ప్రసాదంలో వెల్లుల్లి! ఓపిక లేక ఏ పార్సిల్ హోటల్లోనో కొని, డబ్బా మార్చి తెచ్చింది. ఆ రెబ్బ తీసి ప్లేటు అంచున, ఆమెకు కనబడేలా పెట్టాను. చూసింది. మొహంలో నెత్తురు లేదు. ఐదేళ్లుగా నేను ఎదురుచూసిన మొహం అదే, కడుపు నిండా చూసుకున్నాను.

"బాగుందక్కా, ఇంకొంచెం పెట్టండి" అన్నాను. రెబ్బలు పక్కకి నెట్టి, వెతికి వెతికి పెట్టింది.

ఆమె ఎక్కడికి వెళ్లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆ గుడి అబద్ధమన్న సంగతి నేనెవరికీ చెప్పలేదు. చెప్పనని ఆమెకు కూడా చెప్పలేదు.