వీరరాఘవులు గారు బిగించిన తుపాకి

విడి భాగాలు కంటబడితే వీరరాఘవులు గారి చేతులు ఊరుకోవు. కెనడాలో హామిల్టన్ స్టీల్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఊళ్లో తెలుగువాళ్ల పాడైన మిక్సీలన్నీ ఆయన బేస్‌మెంట్‌కే చేరతాయి. భోజనానికి పిలిస్తే వాళ్ల కుక్కర్ హ్యాండిల్ బిగించిగానీ విస్తరి ముందు కూర్చోరు. అలాంటి మనిషి సొంత కెనడా సిటిజన్‌షిప్ సంగతి మాత్రం వాయిదా వేసీ వేసీ, అరవై ఎనిమిదో ఏట అప్లై చేశారు. ప్రమాణం గురువారం.

దానికి ముందు శనివారం, ఎవరింటి ముందో పాతసామాన్లమ్మే గరాజ్ సేల్‌లో ఓ చెక్కపెట్టె కొన్నారు. అడుగున నూనెగుడ్డలో గొట్టాలు, స్ప్రింగు, రెక్కలు రెక్కలుగా కోసిన పైపు. ఏ పాత కంప్రెసర్‌దో అనుకున్నారు. ఆదివారం పొద్దున తుప్పు గీకి, నూనె రాసి, ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చారు. చెక్కపిడి ఎక్కించేసరికి బల్లమీద తుపాకి ఉంది.

భార్య చాముండేశ్వరి ఫొటో తీసి ఫోన్లో వెతికింది. డెబ్బై ఏళ్ల కిందట అమెరికాలో పోలీసుల కోసం చేసిన సబ్‌మెషీన్ గన్నట. మీట నొక్కి పట్టుకుంటే తూటాలు ఆగవట. ఇక్కడ మామూలు మనిషి దగ్గరుంటే జైలేనట.

"విప్పేసి మళ్ళీ ఆ గుడ్డలోనే చుట్టేయండి. మీరు బిగించారని ఎవరికి తెలుస్తుంది? కేసైతే సిటిజన్‌షిప్ రాదు, గురువారం దాకా నోరు మెదపకండి" అంది ఆవిడ.

ఆయన రెంచి పట్టుకున్నారు. ఓ నట్టు మీద పెట్టారు గానీ తిప్పలేదు. రెంచి పక్కన పెట్టి పోలీసులకి ఫోన్ చేశారు. ముట్టుకోవద్దు, తీసుకురావద్దు, మేమే వస్తాం అన్నారు వాళ్లు.

వచ్చిన పోలీసమ్మాయి గ్లవ్స్ వేసుకుని తుపాకి బోల్టు వెనక్కి లాగింది. వెన్నలా జారింది. ఆయన మొహంలోకి చూసి, దొరికినప్పుడు ఇలాగే ఉందా అని అడిగింది.

"ఔననండి" అని వెనకనుంచి తెలుగులో గొణిగింది చాముండేశ్వరి.

"విడిగా ఉంది," అన్నారాయన ఇంగ్లీషులో. "నేనే బిగించాను."

ఆ అమ్మాయి రాసుకుంది. పేరు అక్షరం అక్షరం చెప్పించుకుంది. పెట్టె అమ్మినవాళ్ల అడ్రసు అడిగి, అవసరమైతే పిలుస్తామని చెప్పి, తుపాకి పట్టుకెళ్లింది.

"ఔనంటే మీ సొమ్మేం పోయింది?"

"నూనె ఇంకా తడిగా ఉంది, చాముండీ. చూసేవాళ్లకి తెలీదా?"

ఆవిడ రెండురోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఫోన్ మోగితే మాత్రం ఇద్దరూ ఒకేసారి లేచేవారు.

గురువారం ఆయన కుడిచెయ్యెత్తి నిలబడ్డారు. హాలు తలుపు చప్పుడైనప్పుడల్లా ప్రమాణంలో ఓ మాట మింగేశారు. చివరి మాట దాకా పోలీసులెవరూ రాలేదు.