కోలాటంలో ఎనిమిదో మనిషి

దయ్యాల మాట ఎత్తితే ముందు నవ్వేది నేనే. చింతామణి ఊళ్ళో నాటకాల వాళ్ళకు తెరల మీద బొమ్మలు వేసి బతికినవాణ్ణి. అడవి, కోట, శ్మశానం అన్నీ నా చేత్తో వేసినవే. జనాన్ని భయపెట్టే రంగులు కలిపేవాడికి ఇంక భయం ఎక్కడిది? ఇది కట్టుకథ అనుకునేవాళ్ళతో నాకు తగువు లేదు. నాకు జరగకపోతే నేనూ అదే అనేవాణ్ణి.

నా పనిలో ఒక అవకరం ఉంది. కదలని మనిషిని చూసి గీస్తే బొమ్మ గుంజలా వస్తుంది. పక్కన పాటో ఆటో సాగుతుంటేనే నా చెయ్యి ఆడేది. అది మా అక్క చేసిన అలవాటు. చిన్నప్పుడు తను పాడుతూ కోలాటం అడుగులు వేస్తుంటే, నేను బొగ్గుతో గోడ నిండా గీసేవాణ్ణి. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో, బాగేపల్లి దగ్గర మా ఊళ్ళోనే, అక్క జ్వరంతో పోయింది. ఫోటో అనేది ఒక్కటీ లేదు. కొన్ని నెలలకు అమ్మ నన్ను పిలిపించింది. మనిషి సగమైపోయింది.

"దాని మొగము మరుపొస్తాండాది నాయనా. కండ్లు మూసుకున్నా కనపడ్లేదు. ఒక్క బొమ్మ రాసియ్యప్పా," అంది.

ఎన్ని కాగితాలు చించానో. ముక్కు వస్తే కళ్ళు రావు, కళ్ళు వస్తే అక్క రాదు. ఏడుపొచ్చింది. చివరికి అక్కతో ఆడిన ఆడవాళ్ళను మా కళ్ళంలో కోలాటం వేయమని అడిగాను.

వాళ్ళది ఎనిమిది మంది జట్టు. మా ఊళ్ళో జట్టులో ఒకరు పోతే ఏడాది తిరిగేదాకా ఆ చోట ఇంకొకరిని నిలబెట్టరు. చోటు ఖాళీగానే తిరుగుతుంది. పోయిన మనిషికి జోడీ అయినామె కోలను గాలిలోకి కొట్టి ముందుకు సాగుతుంది. అక్కకు జోడీ గంగమ్మ.

పట్టపగలు. ఎండ మాడ్చేస్తోంది. పాట అందుకున్నారు. అమ్మ నా పక్కనే కూర్చుంది. నా చెయ్యి తాళంతో పాటు పరుగెత్తింది. కాసేపటికి గంగమ్మ కోల దగ్గర టక్కుమని వినిపించింది. గాలిలోకి కొట్టిన కోల మోగదు. కళ్ళం పక్కనున్న రాతిగోడ మారుమోత అనుకున్నాను. గంగమ్మ మొహం పాలిపోయింది, అయినా అడుగు తప్పలేదు.

పాట ఆగాక కాగితం చూసుకున్నాను. ఎనిమిది మంది ఉన్నారు. ఎనిమిదో మనిషి వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ నిలబడే తీరు, నడుముకు దోపిన కొంగు అక్కవే. నేను ఆ చోటు వదిలేసే గీశానని ఒట్టేసి చెప్పగలను.

అమ్మ భయపడలేదు. "ఇంగొక చుట్టు ఆడండమ్మా. ఈ పక్కకు తిరుగుతాది," అంది.

గంగమ్మ కోలలు కింద పెట్టేసింది. "నా చేత కాదు పెద్దమ్మా. కోలకు ఏందో తగల్తాండాది."

అమ్మ ఆమె గడ్డం పట్టుకుని బతిమాలింది. మళ్ళీ ఆడారు. ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి అందరూ విన్నారు, ఎవరూ ఆగలేదు. నా చెయ్యీ ఆగలేదు.

మొహం వచ్చింది. మా అక్కే. కాని నవ్వు లేదు. నోరు తెరుచుకుని రొప్పుతోంది, జుట్టు చెమటకు నుదుటికి అంటుకుపోయింది. మిగతా ఏడుగురిలో ఎవరినీ నేను అలా గీయలేదు.

అమ్మ వంగి చూసింది. కొంగుతో కాగితం మీద ఆ నుదురు తుడిచింది. బొగ్గు కాస్త చెదిరింది.

"ఇంగ చాలు, ఆపండమ్మా. బిడ్డ అలిసిపోయిండాది. పోనీండి," అంది.

అందరూ ఆగిపోయారు. ఆగాక ఇంకొక్క దెబ్బ వినిపించింది.

చేతికి ఉన్న జ్ఞాపకమే ఆ బొమ్మ గీసిందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి ఆ చప్పుడు? అది అందరూ విన్నదే. అమ్మ ఆ రోజు కడుపునిండా తింది, మళ్ళీ బొమ్మ అడగలేదు. నా భయం కూడా ఎప్పుడో పోయింది. జ్వరంతో పోయిన మనిషిని అంత ఎండలో రెండోసారి ఆడించామే అన్న బాధ మాత్రం పోలేదు.