కాలిన్ అంకుల్ బాతుల వేట

దేవపాల్ బాపట్ల నుంచి దేశం దాటి వచ్చి రొటోరువాలోని ఒక వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా కుదురుకున్నాడు. ముసలివాళ్లకు స్నానాలు చేయించడం, తినిపించడం, అలకలు తీర్చడం అతని పని. అక్కడ ఉండే కాలిన్ అనే ముసలాయన్ని అందరూ పేరు పెట్టే పిలిచేవారు. అంత పెద్దాయన్ని అలా పిలవడానికి దేవపాల్‌కు మాత్రం నోరు రాక ‘అంకుల్’ అనేవాడు.

అక్కడ ఏటా మే నెల మొదటి శనివారం బాతుల వేట మొదలవుతుంది. కాలిన్ వయసులో ఉన్నన్నాళ్లూ ఆ రోజు తెల్లవారేసరికి సరస్సు ఒడ్డున రెల్లు చాటున పొంచి ఉండేవాడు. ఇప్పుడు కాళ్లు పడిపోయాయి, కుక్క చచ్చిపోయింది, తుపాకీని కొడుకు పట్టుకుపోయాడు. 2007లో వేట రోజు దగ్గరపడేసరికి ఆయన తిండి మానేశాడు. చివరికి మేనేజరమ్మ, ఒకసారి సరస్సు చూపించి తీసుకురమ్మని దేవపాల్‌కు వ్యాను తాళాలిచ్చింది.

తీరా వెళ్లి చూస్తే, కాలిన్ పొంచి ఉండే చోట రెండంతస్తుల ఇళ్లు లేచాయి. ఇంటింటికీ పచ్చిక, పడవలకు చెక్క రేవు. ఇళ్ల దగ్గర తుపాకీ పేల్చకూడదని బాతులకు ఎవరు చెప్పారో గాని, దూరంగా కాల్పులు మొదలవగానే గుంపులు గుంపులుగా వచ్చి ఆ పచ్చికల ముందే చేరాయి.

కాలిన్ చక్రాల కుర్చీలో ముందుకు వంగి, చేతికర్రను భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి, నోటితో ‘ఢాం’ అన్నాడు. ఒక్క బాతూ తల తిప్పలేదు.

“పడింది. వెళ్లి పట్టుకురా,” అన్నాడు.

“ఏది అంకుల్?”

“మా కుక్క ఎప్పుడూ ఇలా అడగలేదు.”

దేవపాల్ ప్యాంటు మడుచుకుని నీళ్లలోకి దిగాడు. బాపట్లలో మే నెలంటే రోళ్లు పగిలే ఎండ. ఇక్కడ అది చలికాలం ముంగిట్లో నెల, ఆ చన్నీళ్లలో మోకాళ్ల కింద కాళ్లున్నాయో లేవో తెలియలేదు. బాతులు పక్కకు జరిగి దారిచ్చాయి. ఈ సంగతి ఇంట్లో భార్య ప్రేమలీలకు పొరపాటున కూడా చెప్పకూడదనుకుంటూ, వంగి నీళ్లలో చేతులు పెట్టి దేవులాడాడు.

అంతలో ఎదురింటి పెద్దావిడ డ్రెస్సింగ్ గౌనులో, కాఫీ కప్పుతో బయటికొచ్చి, ఏం పోయిందని అడిగింది.

“బాతండీ. అంకుల్ షూట్ చేశారు,” అన్నాడు దేవపాల్, ఇంకేమనాలో తోచక.

ఆవిడ కుర్చీలోని ముసలాయన్ని చూసింది, భుజం మీది కర్రను చూసింది. పోలీసులకు ఫోన్ చేస్తుందేమోనని దేవపాల్ చేతులు నీళ్లలోంచి తీసి నిటారుగా నిలబడ్డాడు. ఆవిడ కప్పు పక్కన పెట్టి, వేలు చూపించింది.

“అక్కడ కాదు. ఇంకాస్త ఎడమకు పడింది. కిటికీలోంచి చూశాను.”

దేవపాల్ ఎడమకు జరిగి, లేని బాతును మెడ పట్టుకుని ఎత్తి, నీళ్లు విదిలించి, తెచ్చి కాలిన్ ఒళ్లో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, బక్కగా ఉంది, ఇంకోటి కొట్టాలన్నాడు. ఎండెక్కేదాకా ఆయన కొడుతూనే ఉన్నాడు, ఇతను దిగుతూనే ఉన్నాడు. ఒక దెబ్బ గురి తప్పిందని పెద్దావిడ తేల్చేసింది. గాలి వీచిందని కాలిన్ వాదించాడు గాని, ఆవిడ ఒప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నం కాలిన్ రెండు ప్లేట్లు లాగించి, భోజనాల గదిలో అందరికీ వేట కథ చెప్పాడు. దేవపాల్ జ్వరంతో మంచమెక్కాడు. ప్రేమలీలకు చెప్పక తప్పలేదు. ఆమె నవ్వు ఆపుకుంటూ మిరియాల చారు కాచి పోసింది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లోనే ఇంకో ముగ్గురు ముసలాళ్లు, తామూ వేటకు వస్తామని మేనేజరమ్మ దగ్గర పట్టుబట్టారు. ఆమె దేవపాల్‌ను పిలిపించి అడిగింది. అతను సరేనని, ఆ వారమే బజారుకు వెళ్లి తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొనుక్కున్నాడు.