చీటీ మీద జ్వరం

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఆడపిల్లలు దవాఖానకు ఎందుకు రావడం లేదో తెలుసుకునే సర్వే అది. సర్వేకు వెళ్లేవాళ్లకు శిక్షణ ఇచ్చేది నేను. ఏ ఫారం తిప్పినా కారణం ఒకటే: ‘అవగాహన లేకపోవడం’. చదివి చదివి ఒళ్లు మండిపోయేది. నేర్పింది నేనే కాబట్టి ఎవర్ని తిట్టాలో తెలిసేది కాదు.

ఆ రోజు నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక ట్రైనీ ఫారం చేతికొచ్చింది. చీరల షాపులో పనిచేసే పదిహేడేళ్ల పిల్ల. మూడు వారాలుగా నెలసరి ఆగడం లేదు. కారణం గడిలో మళ్లీ అదే ముక్క.

"అసలు ఆ పిల్లను అడిగావా?"

"అడిగిన మేడం. రెండుసార్లు దవాఖానకు పోయిందంట. జరం గోలీలిచ్చి పంపిన్రంట."

"రక్తం పోతుంటే జ్వరం మాత్రలేంటి?"

"జరమొచ్చిందని చెప్పిందంట మేడం. గందుకే అవగాహన లేదని రాసిన."

తల పట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే ట్రైనీని అదే దవాఖానకు లాక్కెళ్లాను. "లైన్లో నిలబడు. నెలసరి ఆగట్లేదని చెప్పి ఓపీ చీటీ తీసుకురా. అప్పుడు తెలుస్తుంది."

ఆమె లైను వంక చూసింది, నా వంక చూసింది. "మీరు చెప్పి చూపియ్యుండ్రి మేడం, నేర్చుకుంటా."

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇన్నేళ్లుగా సిగ్గుపడకూడదని క్లాసులు పీకుతున్న మనిషిని కదా, వెళ్లి నిలబడ్డాను. ఆడా మగా ఒకటే లైను. నా వెనక మా కొత్తపేట సందులోని కిరాణా కొట్టాయన. "ఏంది మేడం, పానం బాగలేదా?" అని పలకరించాడు. కిటికీ లోపలి మనిషి తలెత్తకుండానే అరిచాడు: "ఏం తక్లీఫ్? జర గట్టిగ చెప్పుండ్రి!"

"జ్వరం," అన్నాను.

చీటీ తెచ్చి ట్రైనీ చేతిలో పెట్టాను. చదివింది. నవ్వినా బాగుండేది, నవ్వలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది. ఫారంలో ఆ ముక్క కొట్టేసి, ఆ గడి మీద నా చీటీని పిన్ను చేశాను.

మధ్యాహ్నం లోపలి నర్సమ్మను, ఆ చీరల షాపు పిల్లను విడిగా చూడమని బతిమాలాం. ఆ పిల్ల సరేనన్నాక, కిటికీ దగ్గరకు పోకుండా వెనక తలుపు నుంచి తీసుకొచ్చాం. ట్రైనీ తలుపు వేసింది. గడియ పడిందో లేదో పిల్ల ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. నర్సమ్మ ఇంకా ఏమీ అడగనేలేదు.

"నాకు జరం లేదక్కా," అంది.