టెస్ట్ కాలే

మొన్న మా పాపకు టీకా వేయించడానికి వెళ్లాను. నర్సు దూది మీద స్పిరిట్ ఒంపి పాప భుజం తుడిచింది. ఆ వాసన ముక్కుకు తగలగానే నేను పాపను లాక్కుని రెండడుగులు వెనక్కి గెంతాను. నర్సు బిత్తరపోయింది. "ఇంకా సూది తియ్యనే లేదు బెన్, మీరే ఇంత భయపడితే ఎలా?" అని గుజరాతీలో అంటూ నవ్వింది. సూదికి కాదు తల్లీ అని ఆమెకు ఎలా చెప్పను? పద్నాలుగేళ్ల కిందట, ఇదే సూరత్‌లో, బమ్రోలిలోని ఒక చిన్న గదిలో, ఇదే వాసన మధ్య ఒక మనిషి కుడిచేయి నా మూలంగా కాలింది. ఆయన నా గురువు. ఆ చేయి ఆయన బతుకుతెరువు. ఇన్నేళ్లయినా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే, ఇది నేను చేసిన పనేనా అని నాకు నమ్మకం కుదరదు.

ఆయన పేరు ఎల్లయ్య. జగిత్యాల వైపు పల్లె నుంచి మగ్గాల పనికని వచ్చి, చివరికి బట్టలకు రంగులద్దే ఒక డైయింగ్ మిల్లులో బాయిలర్ ఫోర్‌మన్ అయ్యారు. నేను డిప్లొమా కాగితం చేతబట్టుకుని ఆయన కింద ట్రైనీగా చేరాను. ఆడపిల్ల బాయిలర్ గదిలో ఏం చేస్తుందని అందరూ నవ్వుకుంటుంటే ఆయన నవ్వలేదు. ఒక పైపు దగ్గరికి తీసుకెళ్లి, తన కుడి అరచేతిని దానికి తాకీతాకనట్టు పెట్టి, "లోపల నీళ్లు చేరినయ్. ఆవిరి ఒక్కతీరు గుంజుకపోతలేదు. నీ పుస్తకంల గిది రాసిన్రా?" అన్నారు. రాయలేదని ఒప్పుకున్నాను. వాల్వు విప్పితే నిజంగానే బొళబొళమని నీళ్లు! నోరు తెరుచుకుని చూశాను. మిల్లులో మీటర్ల కంటే ఆ చేతినే ఎక్కువ నమ్మేవారు.

మిల్లు శేఠ్ ఏదో యంత్రాల ప్రదర్శనకు విదేశం వెళ్లి ఒక పెట్టె కొనుక్కొచ్చారు. లోపల ఆవిరి రైలింజను, కానీ ముక్కలు ముక్కలుగా ఉంది. ఇత్తడి చక్రాలు, ఉక్కు కడ్డీలు, రాగి గొట్టాలు, గోరంత మరలు. అన్నీ ఆకురాయితో రాసి, బిగించి, టంకం పెట్టి మనమే తయారుచేసుకోవాలి. మూరెడు కూడా లేని ఇంజను. అయినా బాయిలర్‌లో నీళ్లు పోసి, కింద స్పిరిట్ దీపం వెలిగిస్తే నిజం ఆవిరితో నిజంగా పరుగెడుతుంది. శేఠ్ ఒక్క మర కూడా బిగించలేక ఏళ్లకేళ్లు బీరువాలో పడేసి, చివరికి ఎల్లయ్య గారి చేతిలో పెట్టారు. ఆయన పెట్టె తెరిచి, పిల్లవాణ్ని చూసినట్టు చూసి, నా వైపు తిరిగారు. "ఇంజినీరమ్మా, ఇంగ్లీషు పుస్తకం నువ్వు సదువు, పని నేను జేస్త. ఇద్దరం గల్సి ఒక్క మనిషైతం."

అలా ఎనిమిది నెలలపాటు ఆదివారాలన్నీ బమ్రోలిలో ఆయన గదిలోనే గడిచాయి. నేను పుస్తకం చదివేదాన్ని, ఆయన ఆకురాయితో రాసేవారు. పుస్తకం సరిపోతుందన్న చోట కూడా ఆయనకు సరిపోయేది కాదు. ఒక పిస్టన్‌ను మూడు ఆదివారాలు రాశారు. "చాల్లెద్దురూ కాకా" అంటే, "చాల్లే అన్నకాడనే పని చస్తది బిడ్డా" అని మళ్లీ మొదలు. నాకు ఒళ్లు మండిపోయేది. అయినా ఆ పిస్టన్‌కు నూనె రాసి నిలబెడితే దాని బరువుకు అదే మెల్లగా, నిట్టూర్చినట్టు కిందికి దిగింది. ఇంత నున్నగా పని చేయవచ్చని అంతకు ముందు నాకు తెలియదు.

నా తెలుగు సంగతి ఇక్కడ చెప్పాలి, సిగ్గయినా సరే. మా నాన్న రైల్వే గుమాస్తా, మాది తెనాలి వైపు. నేను పుట్టిందీ చదివిందీ సూరత్‌లోనే, అమ్రోలిలో, గుజరాతీ బడిలో. ఇంట్లో అమ్మ తెలుగులో అడిగితే నేను గుజరాతీలో జవాబిచ్చే రకం. ఎల్లయ్య గారిని కాకా అని పిలిచాను. రెండు భాషల్లోనూ ఆ మాట అమిరింది. ఆ ఊపులో ఆయన భార్య సత్తెమ్మ గారిని గుజరాతీ పద్ధతిలో "కాకీ" అన్నాను. ఆమె చాయ్ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. "ఏంది పిల్లా? నా ఇంటికొచ్చి నన్నే కాకి అంటవా?" కాకా అయితే పొట్ట పట్టుకుని నవ్వారు. నేను నాలుక కరుచుకుని చిన్నమ్మా అనడం మొదలుపెట్టాను. ఆ రోజు అందరం నవ్వి ఊరుకున్నాం. ఒకే చప్పుడు రెండు భాషల్లో రెండర్థాలిస్తుందని నాకు అప్పుడే బుద్ధి రావలసింది. రాలేదు.

ఇంజను పూర్తయింది. ఒక్కటే మిగిలింది, బాయిలర్ పరీక్ష. అతుకులన్నీ వెండి టంకంతో పెట్టాం. నిప్పు పెట్టే ముందు బాయిలర్ నిండా చన్నీళ్లు నింపి, చేతి పంపుతో రెట్టింపు ఒత్తిడి పెట్టి చూడాలి. అతుకు ఊడినా చన్నీళ్లే చిమ్ముతాయి, ఎవరికీ ఏమీ కాదు. శనివారం మిల్లు నుంచి పంపు తెస్తానన్నారు కాకా. ఆదివారం నేను వెళ్లేసరికి పంపు కిటికీ కింద ఉంది, నేల తడిగా ఉంది. కాకా మాత్రం లేరు, మిల్లులో ఏదో పైపు పగిలిందని పిలిపించుకున్నారు. ఫోన్ చేసి, మిల్లు అలవాటుకొద్దీ హిందీలో అడిగాను.

"కాకా, బాయిలర్ టెస్ట్ హో గయా?"

అటువైపు చెవులు చిల్లులు పడే రొద. అందులోంచి ఆయన అరిచారు. "టెస్టా? కాలే, కాలే!"

గుజరాతీలో కాలే అంటే నిన్న; రేపటికీ అదే మాట, కానీ అయిందా అని అడిగాక నిన్నే కదా. ఓహో, నిన్ననే చేసేశారన్నమాట! నేల తడి ఉండనే ఉంది. "ఠీక్ హై కాకా" అని ఫోన్ పెట్టేశాను. ఆయన తెలుగులో కాలే అంటే కాలేదు, అవ్వలేదు అని. మా ఇంట్లో అవ్వలేదనే అంటాం. కాకా నోట ఆ మాట అంతకుముందు విని ఉంటాను, ఎదురుగా ఉన్నప్పుడు తల అడ్డంగా ఊపేవారు కాబట్టి అర్థమయ్యేది. ఫోన్లో తల కనపడదు కదా! నేల తడి మాటంటారా, ఆయన పంపుకు పట్టిన దుమ్ము కడిగారట, అంతే.

ఆయన వచ్చేసరికి ఆవిరి సిద్ధంగా ఉంచి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నా మొహం! నీళ్లు పోసి దీపం వెలిగించాను. ఒత్తిడి చూపే గేజీలో ముల్లు కదిలింది. బల్ల మీద ముఖం ఆనించి, మురిసిపోతూ చూస్తున్నాను. మెట్ల దగ్గరే స్పిరిట్ వాసన పసిగట్టారేమో, కాకా చెప్పులతోనే గదిలోకి దూసుకొచ్చారు. "దూరం పో!" అని నన్ను ఎడమ చేత్తో తోసి, కుడిచేయి బాయిలర్ కిందికి పెట్టి దీపం లాగారు. అదే క్షణంలో గేజీ బిగించిన ఇత్తడి బుడిపె పటుక్కున ఊడి గోడకు కొట్టుకుంది. ఆవిరితో గది తెల్లబడిపోయింది.

ఆయన అరవలేదు. "దీపం ఆర్పు" అన్నారు, అంతే. ఆర్పాను. ఆవిరి విడిపోయాక చూస్తే మణికట్టు నుంచి వేళ్లదాకా చర్మం ఎర్రగా ఉబ్బుతోంది.

"టెస్ట్ కాలే అన్న గదనే!"

"అదే కదా కాకా, నిన్న అయిందన్నారు!"

"నిన్ననా? నిన్నని నేనెప్పుడన్న?"

ముందు ఆయనకు అర్థమైంది, తర్వాత నాకు. చిన్నమ్మ పరుగున వచ్చి ఆయన చేతిని బిందెలో ముంచింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఆ చెయ్యితోనే మా ఇంట్ల అన్నం పుడ్తది పిల్లా" అంది, అంతే.

ఆసుపత్రిలో డాక్టరు చేయి నిలుస్తుంది గానీ వేళ్లు మునుపటిలా వంగుతాయో లేదో చెప్పలేనన్నాడు. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే కాకాయే కట్టుతో ఉన్న చేయి ఎత్తి చూపించారు. "చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడంటే గిదే బిడ్డా." మర్నాడు మిల్లులో మేనేజరుకు జరిగింది జరిగినట్టు నేనే చెప్పేశాను. బాయిలర్ గదిలో ఇక నాకు చోటుండదని తెలిసే చెప్పాను. మేనేజరు కాకానే అడిగాడట, ఈ అమ్మాయిని ఉంచుదామా, పంపేద్దామా అని. జవాబు నాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం రమ్మని మాత్రం కాకా కబురు పెట్టారు.

వెళ్తే, బల్ల మీద బాయిలర్, పక్కన టంకం సామాను. కాకా మంచం మీద కూర్చుని ఉన్నారు. "నువ్వే జెయ్యాలె" అన్నారు. ఇన్నాళ్లూ పుస్తకం పట్టుకోవడమే తెలిసిన చేతులతో నాలుగు వారాలు తంటాలు పడ్డాను. బుడిపె చుట్టూ టంకం సగమే పట్టిందని ఆయన పాత అతుకును చూపించారు, తన తప్పు తానే ఒప్పుకుంటూ. "ఆనాడు నీళ్లతోటి సూస్తే తెలుస్తుండె" అన్నారు. కొత్త అతుకు రెండుసార్లు కారింది, మూడోసారి నిలిచింది. పంపు కొట్టి రెట్టింపు ఒత్తిడి పెట్టి, పావుగంట ముల్లు వైపే చూశాను. కదల్లేదు.

బాయిలర్‌ను తిరిగి ఇంజనుకు బిగించాక నిప్పు పెట్టమన్నారు. గీస్తుంటే మూడు అగ్గిపుల్లలు విరిగాయి. దీపం వెలిగింది, ముల్లు లేచింది. కాకా స్టూలు ముందుకు జరుపుకుని, కొత్త చర్మం మెరుస్తున్న ఆ కుడిచేతిని సరిగ్గా ఆ బుడిపె ఎదురుగా జానెడు దూరంలో బల్ల మీద ఆనించారు.

"కాకా, చేయి తియ్యండి."

"టెస్ట్ నువ్వే జేసినవు గదా?"

"చేశాను."

"మరి ఎందుకు తియ్యాలె?"

వాకిట్లో నిలబడ్డ చిన్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముల్లు ఎర్రగీతదాకా వచ్చింది. సేఫ్టీ వాల్వు సన్నగా ఈల వేసింది. కాకా చేయి తియ్యలేదు. ఇంజను కదిలి బల్ల అంచు వెంట గుండ్రంగా వేసిన పట్టాల మీద తిరుగుతుంటే వాళ్లిద్దరూ దాన్నే చూశారు, నేను ఆ చేతినే చూశాను. ఇంత నాశనం చేసినదాన్ని ఆయన ఎలా నమ్మారో నాకు ఇవాళ్టికీ అంతుపట్టదు. చిటికెనవేలు, ఉంగరపువేలు చివరిదాకా పూర్తిగా వంగలేదు. పోయిన ఏడాది ఆయన పోయారు.

ఇప్పుడు అదే మిల్లులో బాయిలర్ పరీక్షల కాగితాల మీద సంతకం నాది. ఫైలు ఆఫీసుకే తెస్తాం మేడమ్, ఆ వేడిలోకి మీరెందుకు అంటారు కుర్రాళ్లు. నేను వినను. ఆవిరి నిండుగా ఉన్నప్పుడు వెళ్లి, కొత్తగా అతుకు పెట్టిన చోటుకు ఎదురుగా నిలబడి, అక్కడే సంతకం పెడతాను. అక్షరాలు వంకర పోతాయి. అయినా పక్కకు జరగను.